వెన్నుపూస శస్త్రచికిత్స: భయమెచ్చట, ప్రమాదమెచ్చట
(అనకాపల్లిలో చేసిన స్మారకోపన్యాసము)



ఈ ఉపన్యాసమునకు మూలమైన ధర్మనిధిని తమ తండ్రిగారి స్మృత్యర్థము నెలకొల్పిన కుటుంబమువారు ఆయన పేరును గాని, తమ పేరును గాని అచ్చులో రానీయవలదని నన్ను కోరియున్నారు. ఆ కోరికను మన్నించి, ఆయన ఈ పట్టణపు బెల్లపు వర్తకమున జీవితమంతయు గడపినవారనియు, తూనికలో ధర్మము తప్పనివారని రైతులచేత అనిపించుకొన్నవారనియు మాత్రము చెప్పుదును. అయితే ఆయన జబ్బును గూర్చి దాచవలదని వారే నన్ను కోరినారు. మెడలోని వెన్నుపాము క్రమక్రమముగా నలిగిపోవు జబ్బది. మొదట నడకలో కాలిచెప్పు జారిపోయినను ఆయనకు తెలియలేదు. మార్కెట్టునుండి ఇల్లు చేరి చూచుకొనగా ఒక కాలికే చెప్పున్నది. కొన్ని నెలలకు నోట్లకట్ట లెక్కించుటలో వ్రేళ్ళు తడబడెను. అన్నములో పప్పు కలుపుకొనుట కష్టమయ్యెను. చొక్కా బొత్తాములకు మనుమరాలి సాయము కావలసివచ్చెను. వైద్యులు ఆపరేషను చేయవలెననిరి. "వెన్నులో కత్తి పెట్టించుకొని కాళ్ళు పోగొట్టుకొందునా?" అని ఆయన అడిగిరి. బెల్లపు సీజను ముగియనిండనిరి. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర వెళ్ళనిండనిరి. సీజను ముగిసినది, జాతర వెళ్ళినది, మరుసటి ఏటి జాతరయు వెళ్ళినది. ఆయన కాళ్ళు పోయినవి. కత్తి తగులకయే పోయినవి.

ఈ భయము ఆయన ఒక్కరిదే అయినచో ఈ సభకు అవసరముండెడిది కాదు. శారదానది పొడవున ఉన్న ఏ పల్లెకు పోయినను ఇదే మాట వినవచ్చును. గుండెకు కోత పెట్టించుకొనుటకు ఒప్పుకొనువారు, కంటిశుక్లము తీయించుకొనుటకు తామే తేదీ నిర్ణయించుకొనువారు కూడ వెన్ను దగ్గరకు వచ్చునప్పటికి ఆగిపోవుదురు. ఈ భయమును మూఢత్వమని త్రోసిపుచ్చు వైద్యులు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. భయపడువాడు తెలివితక్కువవాడు కాడు. ఆతడు విన్న కథలు నిజముగా జరిగినవే, కాని అవి ఎప్పుడు, ఎవరికి, ఎందుచేత జరిగినవో ఆతనికి చెప్పినవారు లేకపోయిరి. తత్ఫలితముగా ఆ భయము త్వరపడవలసినచోట మనిషిని వెనుకకు లాగుచున్నది. నొప్పి భరింపరానిదై ఆ భయము విరిగిపోయిన నాడు, ఓపిక పట్టవలసినచోట మనిషిని ఆపరేషను బల్లమీదికి నెట్టుచున్నది. నేడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ముందుగా ఆ భయము పుట్టిన కాలమును స్మరింతము. 1895లో రంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనిపెట్టినప్పటినుండి ఎముక కనబడినది గాని, ఎముకల నడుమ ఉన్న నాడులు కనబడలేదు. వాటిని నొక్కుచున్నదేదో తెలిసికొనుటకు నడుములో సూది గ్రుచ్చి, వెన్ను గొట్టములోనికి నూనెవంటి రంగుమందును ఎక్కించి, అది ఎచ్చట ఆగుచున్నదో ఫోటో తీసెడివారు. 1920లలో లిపియోడాల్ అనునది, తరువాతి దశకములలో మయోడిల్ అనునది ఇందులకు వాడుకలో ఉండెను. ఆ నూనె శరీరమునుండి సులభముగా వెలుపలికి పోవునది కాదు. కొందరిలో అది లోపలనే మిగిలి, నాడుల చుట్టునున్న పొరకు వాపు కలిగించి, నాడులన్నియు ఒకదానికొకటి అంటుకొనిపోవునట్లు చేసి, జన్మాంతమును తీరని మంటను మిగిల్చెను. ఆపరేషనుకు పూర్వము జరిగిన పరీక్షయే ఇంత పని చేయగా, రోగియు బంధువులును ఆ నేరమును ఆపరేషనుపైననే మోపుట సహజము. దీనికితోడు నాటి కోత పెద్దది, రక్తస్రావ మధికము, చీము పట్టినచో దానిని అణచు మందులు చాలకాలమువరకు లేవు.

మన ప్రాంతపు పరిస్థితి మరింత కఠినము. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆస్పత్రియు, వైద్యకళాశాలయు 1923లో వెలసినను, నాడీమండలమునకు ప్రత్యేకముగా శస్త్రచికిత్స చేయువారు దక్షిణదేశమున అప్పటికి ఎవ్వరును లేరు. 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టర్ జేకబ్ చాండీయు, 1950లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ బి. రామమూర్తియు ఆ శాఖను ప్రారంభించిరి. 1950 దశకముననే విశాఖలో డాక్టర్ బాలపరమేశ్వరరావుగారు దానికి పునాది వేసిరి. అనకాపల్లినుండి విశాఖకు ముప్పది కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమే. అయినను ఆ దూరము దాటుటకు రోగులకు నెలలు పట్టెడిది. నాటురోగము, దిష్టి, వాతము అను అనుమానములన్నియు తీరి, కాళ్ళలో పూర్తిగా సత్తువ పోయి, మంచముమీద మోసికొనివచ్చిన నాడు గాని ఆస్పత్రి గుర్తుకు వచ్చెడిది కాదు. క్షయవలన పూసలు కూలినవారు, వెన్నులో కంతి పెరిగినవారు ఇట్లు వచ్చెడివారు. చచ్చిన నాడి ఆపరేషనువలన బ్రతుకదు. వారు కాళ్ళు లేకయే వచ్చి, కాళ్ళు లేకయే తిరిగిపోయిరి. ఊరివారి జ్ఞాపకమున మాత్రము ఆ వరుస మారిపోయినది: ఆస్పత్రికి పోయెను, వెన్నులో కత్తి పెట్టిరి, కాళ్ళు పడిపోయెను. ఇట్టి కథ తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చినది.

ఇక శరీరనిర్మాణమును గూర్చి ఒకింత తీరికగా చెప్పుటకు అనుమతింపుడు. ఏలయన ఈ భయములో సగము ఇచ్చటనే తీరును. మన వెన్నులో 33 పూసలు కలవు: మెడలో 7, వీపులో 12, నడుములో 5, వాటి క్రింద ఒకటిగా కలిసిపోయిన 5, తోకవద్ద 4. ఈ పూసల వెనుకవైపున ఉన్న గొట్టములో వెన్నుపాము దిగుచున్నది. అది చిటికెనవ్రేలి లావున ఉండు మెత్తని పదార్థము, మెదడునకు కొనసాగింపు, నలిగినచో తిరిగి మొలవనిది. అయితే పెద్దవారిలో ఈ వెన్నుపాము నడుములోని మొదటి పూస, రెండవ పూస మధ్యనే ముగిసిపోవును. అంతకు దిగువను పాము లేదు. విడివిడిగా దిగుచున్న నాడుల కుచ్చు మాత్రమే ఒక పలుచని నీటిలో తేలియాడుచుండును. చూచుటకు గుఱ్ఱపుతోకను పోలియుండుటచే శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరే పెట్టిరి. ఈ నాడులు వెన్నుపాము వంటివి కావు. ఇవి మెల్లగా ప్రక్కకు జరుపుటను సహించును, కొంతవరకు కోలుకొనును.

నడుములో డిస్కు జారి తొడ వెనుకనుండి పిక్కవరకు నొప్పి దిగువారిలో నూటికి తొంబదిమందికి పైగా జబ్బు ఉండునది నాలుగవ, అయిదవ పూసల మధ్యనో, అయిదవ పూస క్రిందనో. అనగా వెన్నుపాము ముగిసిన చోటికి చాల దిగువన. "ఆపరేషనులో వెన్నుపాము తెగిపోవునేమో" అని అడుగు రోగికి, ఆ కత్తి తిరుగు చోట వెన్నుపాము లేనేలేదని చెప్పినప్పుడు ఆతని ముఖమున కలుగు మార్పును నేను పలుమారులు చూచితిని. ఆ ఒక్క మాట ఆతనికి ఇంతకు ముందెవ్వరును చెప్పియుండరు.

డిస్కు అనునది లేత తాటిముంజెవంటిది. వెలుపల గట్టి పొర, లోపల జిగురుగానున్న గుజ్జు. పొర చిరిగి గుజ్జు వెనుకకు వచ్చి నాడిని ఒత్తినప్పుడు కాలినొప్పి పుట్టుచున్నది. ఇది మనకు తెలిసి నూరేండ్లు కూడ కాలేదు. బోస్టను నగరమున మిక్స్‌టర్ అను నాడీశస్త్రవైద్యుడును, బార్ అను ఎముకల వైద్యుడును కలిసి, అంతకు ముందు కంతులని భావింపబడుచున్నవి నిజమునకు జారిన డిస్కు ముక్కలేయని 1934లో ప్రకటించిరి. 1977లో జూరిక్‌లో యాసర్గిల్, జర్మనీలో కాస్పర్ సూక్ష్మదర్శినితో ఈ పని చేయు విధానమును వెల్లడించిన పిదప కోత చిన్నదయ్యెను.

ఆ పని ఎట్లు జరుగునో చూచినవారు తక్కువ కనుక చెప్పుచున్నాను. రోగిని బోర్లగా పరుండబెట్టి, పొట్టమీద ఒత్తిడి పడకుండునట్లు రొమ్ముక్రిందను, తుంటిక్రిందను మెత్తలు అమర్చుదురు. పొట్ట నొక్కుకొనినచో వెన్నులోని సిరలు ఉబ్బి రక్తము కారును. చర్మముపైన సూది ఉంచి ఎక్స్‌రే తీసి, ఏ పూసవద్ద ఉన్నామో లెక్కపెట్టుదురు. ఈ లెక్క తప్పినచో ఆరోగ్యముగానున్న డిస్కును తెరచుట జరుగును. ప్రపంచమున పేరుగల ఆస్పత్రులలో కూడ ఇట్టి పొరపాట్లు జరిగినవి కావున, ఆ ఎక్స్‌రేను చిన్న విషయముగా నేనెన్నడును ఎంచలేదు. పిదప రెండు మూడు సెంటీమీటర్ల కోత. కండను ఎముకనుండి ఒకవైపు మాత్రమే తప్పించుట. రెండు పూసలను కలుపు పసుపుపచ్చని బంధమును కొంచెము తెరచుట. సూక్ష్మదర్శినిలో చూచునప్పటికి నాడి ఎఱ్ఱబారి, ఉబ్బి, బిగుసుకొనియుండును. దానిని చిన్న గరిటెవంటి పరికరముతో మెల్లగా ప్రక్కకు తప్పించగా దాని క్రింద తెల్లని డిస్కు ముక్క కనబడును. అది వెలుపలికి వచ్చిన క్షణముననే నాడి వదులై గుండెకొట్టుకొనుటకు అనుగుణముగా మెల్లగా కదలుట కానవచ్చును. మరునాడే రోగి నడచును.

ఇక ప్రమాదములు. అవి లేవని చెప్పు వైద్యుని నమ్మవలదు. నాడులను చుట్టియున్న పలుచని పొర చిరిగి నీరు కారుట ఒకటి. అమెరికాలో 13 కేంద్రములలో జరిగిన గొప్ప పరిశీలన ఒకదానిలో డిస్కు ఆపరేషనులయందు ఇది నూటికి సుమారు 3, వయోవృద్ధులలో గొట్టము ఇరుకైనందుకు చేయు ఆపరేషనులయందు సుమారు 9. వెంటనే కుట్టివేసి, కొన్నాళ్ళు పరుండబెట్టినచో ఎక్కువమందికి ఏ నష్టమును మిగులదు. గాయమున చీము పట్టుట మరియొకటి. మధుమేహము అదుపులో లేనివారికి ఇది అధికము. మిగిలిన డిస్కునుండి మరల ముక్క జారుట నూటికి 5 మొదలు 15 వరకు. నాడి దెబ్బతిని పాదము వ్రేలాడుట, మూత్రము అదుపు తప్పుట అరుదు. నూటికి ఒకరికంటె తక్కువ. డిస్కు ముందువైపున ఉన్న పెద్ద రక్తనాళము తెగుట పదివేలలో ఏ కొద్దిమందికో జరుగును గాని, జరిగినచో ప్రాణాంతకము.

వీటన్నిటికంటె అధికముగా జరుగునది, జనులు ఎవ్వరును భయపడనిది వేరొకటి కలదు. అది, ఆపరేషను నిర్విఘ్నముగా ముగిసినను నొప్పి పోకుండుట. కాలిలోనికి దిగు నొప్పికి ఈ చికిత్స చక్కగా పనిచేయును; ఒట్టి నడుమునొప్పికి అంతగా పనిచేయదు. ఈ భేదము తెలియక, నడుమునొప్పి పోవుననుకొని కాలినొప్పికి చేయు ఆపరేషను చేయించుకొన్నవారు ఏడాది తరువాత "ఆపరేషను ఫెయిలు" అని చెప్పుకొందురు. మార్కెట్టులో బెల్లపు దిమ్మలు మోయు కలాసీలను, కొలగార్లను నేను చాలమందిని చూచియున్నాను. వారి బాధ అధికభాగము కండలది, కీళ్ళది. అది కత్తికి లొంగునది కాదు. వారిని ఆపరేషనుకు పంపుటకంటె, బరువు నేలనుండి ఎత్తుటకు బదులు నడుమెత్తు బల్లమీదినుండి ఎత్తునట్లు యార్డులో ఏర్పాటు చేయుట మేలు. ఈ మాట వర్తకసంఘములవారు ఈ సభలోనే ఉన్నారని యెరిగి చెప్పుచున్నాను.

ఇచ్చట స్కానును గూర్చి చెప్పక తప్పదు. ఎం.ఆర్.ఐ. ఫిల్ములను ప్లాస్టిక్ సంచిలో భద్రముగా పెట్టుకొని రోగి వచ్చును. అందులోని కాగితమున "డిస్కు అరిగినది, డిస్కు ఉబ్బినది" అని ఉండును. అది చదివినవారందరును ఆతనిని వంగవద్దని, కూర్చుండవద్దని, సైకిలు త్రొక్కవద్దని శాసించియుందురు. ఆతడు నొప్పికంటె ఆ కాగితమునకే ఎక్కువ భయపడియుండును. 2015లో ప్రకటింపబడిన ఒక సమీక్ష, నడుమునొప్పి ఏమాత్రమును లేని 3,110 మంది స్కానులను పరిశీలించినది. ఏ బాధయు లేని ఇరువదియేండ్లవారిలో నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనబడెను. ఎనుబదియేండ్లవారిలో 96 మందికి. తల నెరసినట్లే డిస్కును నెరయుచున్నది. స్కాను రోగి చెప్పు బాధతోను, వైద్యుడు చేతితో చేసిన పరీక్షతోను సరిపోలినప్పుడే దానికి విలువ. కాలును చాచి పైకెత్తి చూడక, పాదపు బలము పరీక్షింపక, ఫిల్మును మాత్రము వెలుతురునకు పట్టి చూచి ఆపరేషను తేదీ చెప్పు వైద్యునివద్దనుండి లేచి రావలెనని నా దృఢాభిప్రాయము.

వేచియుండుట వ్యర్థము కాదనుటకు హాలెండులో 2007లో వెలువడిన పరిశీలన మంచి నిదర్శనము. ఆరు మొదలు పండ్రెండు వారములనుండి తీవ్రమైన కాలినొప్పితో బాధపడుచున్న 283 మందిని రెండు పాళ్ళుగా విడదీసి, ఒక పాలువారికి వెంటనే ఆపరేషను చేసిరి. రెండవవారిని మందులతో, ఓదార్పుతో వేచియుండనిచ్చి, తప్పనిసరియైనచో మాత్రమే చేసిరి. వేచియున్న 142 మందిలో 55 మందికే చివరకు ఆపరేషను కావలసివచ్చెను. ఏడాది తిరుగునప్పటికి రెండు పాళ్ళలోను నూటికి 95 మంది కోలుకొనిరి. వెంటనే చేయించుకొన్నవారు కోలుకొనుటకు నాలుగు వారములు, వేచియున్నవారికి పండ్రెండు వారములు పట్టెను. రెక్కాడితే గాని డొక్కాడని కూలివానికి ఆ ఎనిమిది వారములు మిక్కిలి విలువైనవి. ఇంట నెమ్మదిగా విశ్రమింపగల ఉద్యోగికి అంత విలువైనవి కాకపోవచ్చును. కావున "చేయించుకొనవలెనా?" అను ప్రశ్నకు సమాధానము డిస్కునుబట్టి మాత్రమే గాక మనిషి బ్రతుకునుబట్టియు ఉండును. ఆ నిర్ణయము ఆతనిది. వైద్యుడు అంకెలు చెప్పవలెను.

స్క్రూలు, రాడ్లు బిగించి పూసలను కలుపు ఆపరేషనుల విషయమున నేను మరింత జాగ్రత్త కోరుచున్నాను. పూస విరిగి కదలిపోవుచున్నప్పుడు, క్షయవలన కూలినప్పుడు, ఒక పూస మరియొకదానిపై జారుచున్నప్పుడు, గూని పెరుగుచున్నప్పుడు అవి ప్రాణదాతలే. అరుగుదల కనబడిన ప్రతి నడుమునకును వాటిని బిగించుట వేరు సంగతి. అమెరికాలో వయోవృద్ధులకు గొట్టము ఇరుకైనందుకు జరిగిన ఆపరేషనులను 2010లో పరిశీలింపగా, ఒత్తిడిని మాత్రము తొలగించిన చోట ప్రాణాపాయకరమైన చిక్కులు నూటికి 2.3 ఉండగా, పెద్ద యెత్తున పూసలను బిగించిన చోట 5.6 ఉండెను. 2016లో స్వీడనునుండి వచ్చిన పరిశీలనలో 247 మందిలో బిగింపువలన అదనపు మేలేదియు కనబడలేదు. ఎంత పెద్ద ఆపరేషను అయితే అంత మంచిదను నమ్మకము మనవారిలో కలదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చిన తరువాత, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న ఆ పథకమువలన, డబ్బులేని కుటుంబములకు ఎన్నో ఆపరేషనులు అందుబాటులోనికి వచ్చినవి. అది గొప్ప మేలు. ఉచితమైనను వెన్నునకు అనవసరమైనది అనవసరమే.

పూసలు కలియవలసినవారు పొగ మానవలెను. పొగాకు ఎముక అతుకుకొనుటను చెడగొట్టును. ఈ మాట చెప్పినప్పుడు మన ఉత్తరకోస్తా పల్లెలలోని ముసలమ్మలు "మాకు సిగరెట్టు అలవాటే లేదు" అందురు. నిప్పు నోటిలోపలికి పెట్టుకొని కాల్చు అడ్డపొగ వారికి లెక్కలోనికి రాదు. దానిని ప్రత్యేకముగా అడిగి తెలిసికొనవలెను.

ఇక ఆలస్యము ప్రమాదమగు చోట్లు. నడుమునొప్పితోగాని, రెండు కాళ్ళలోని నొప్పితోగాని ఉన్న మనిషికి కూర్చుండుచోట, గుదమునకు చుట్టును, తొడల లోపలివైపున స్పర్శ తగ్గినచో, మూత్రము వచ్చుట ఆగినచో లేక తెలియకయే పోవుచున్నచో, ఆ రాత్రియే ఆస్పత్రికి పోవలెను. నాడుల కుచ్చంతయు ఒక్కసారిగా నలుగుచున్నదనుటకు అది గుర్తు. 48 గంటలలోపల ఒత్తిడి తొలగిన వారికి, ఆ తరువాత తొలగినవారికంటె మేలు జరిగినదని 2000లో వచ్చిన సమీక్ష చూపినది. స్త్రీలు ఈ లక్షణమును సిగ్గుచే చెప్పరు, ఇంటివారు అడుగరు, వైద్యుడును సందడిలో అడుగడు. "కడుగుకొనునప్పుడు చేయి తగులుట తెలియుచున్నదా అమ్మా?" అని అడిగినచో నిజము వచ్చును.

రెండవది, ఈ ధర్మనిధికి మూలమైన మెడజబ్బు. ఇచ్చట వెన్నుపాము ఉన్నది. ఆపరేషనులో ప్రమాదమును నడుమునందుకంటె ఎక్కువ. మెడ ముందువైపునుండి చేసినప్పుడు కొంతకాలము మ్రింగుటకు కష్టము, గొంతు బొంగురు పోవుట కలుగును. భుజము ఎత్తు బలము కొందరికి తగ్గి, నెలలకు తిరిగివచ్చును. చాల కొద్దిమందికి కాళ్ళ బలము అధ్వాన్నము కావచ్చును. ఇవన్నియు నిజము. చేయించుకొననిచోనో, అడుగు తడబడి చేతిపని తప్పిపోవుచున్న మనిషి మెట్టు తరువాత మెట్టు దిగుటయే గాని ఎక్కుట అరుదు. పైగా అప్పటికే ఇరుకైన మెడతో స్నానాలగదిలో కాలు జారినచో ఒక్క క్షణములో కాళ్ళుచేతులు నాలుగును పడిపోవచ్చును. చెప్పు జారుట, బొత్తాము పట్టకుండుట వంటి తొలి గుర్తులున్న దశలో చేసిన ఆపరేషను జబ్బును అక్కడ ఆపగలదు. కొన్నిమారులు వెనుకకు మళ్ళింపగలదు. మంచమెక్కిన తరువాత చేసినది అంతటి పని చేయలేదు.

తెలుగుదేశమునకు ప్రత్యేకముగా తెలిసిన మరియొక రూపము కూడ కలదు. నీటిలోని ఫ్లోరైడువలన వెన్నెముక యంతయు ఒకే కఱ్ఱగా బిగిసి, గొట్టము పూడిపోయి, వెన్నుపాము నలుగుట నాటి నెల్లూరు జిల్లాలో కనుగొనబడి 1937లో ప్రకటింపబడినది. తరువాత నల్లగొండ రోగులను గూర్చి హైదరాబాదున డాక్టర్ డి. రాజారెడ్డిగారు విశేషముగా కృషిచేసిరి. అట్టి రాతివంటి ఎముకను తొలచుట మిక్కిలి కష్టము. నీరు మార్చుట సులభము.

క్షయ విషయమున కథ తారుమారు. వెన్నుక్షయ అనగానే ఆపరేషను అనుకొని బెదరి పారిపోవువారు, మద్రాసులో జరిగిన దీర్ఘకాల పరిశీలనలలో ఎక్కువమంది మందులతోడనే, నడచుచు తిరుగుచునే నయమైరని తెలిసికొనవలెను. కాళ్ళు బలహీనపడుచున్నప్పుడు, పూసలు బాగుగా కూలినప్పుడు, పెద్ద చీముగడ్డ ఉన్నప్పుడు ఆపరేషను కావలసివచ్చును. కాని ఈ రోగినే "నడుము పట్టినది" అని ఎదురుకాళ్ళతో పుట్టినవానిచేత తన్నించుట, పిల్లలచేత వీపు త్రొక్కించుట మన ఊళ్ళలో నేటికిని కలదు. కూలుటకు సిద్ధముగానున్న పూసపై పడిన ఆ కాలు ఎంత హాని చేయునో ఊహించుకొనుడు. రాత్రిళ్ళు తగ్గని నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్న నడుమును ఎవ్వరిచేతను త్రొక్కింపరాదు.

మత్తుసూదిని గూర్చి ఒక మాట. కాన్పు ఆపరేషనులో వెన్నుకు సూది వేసినందున జన్మాంతము నడుమునొప్పి వచ్చినదని చెప్పు తల్లులు ప్రతి వీథిలోను కలరు. 1898లో బియర్ మొదలిడిన ఆ పద్ధతికి 1947లో ఇంగ్లండులో ఒకే దినమున ఇద్దరు మనుష్యుల కాళ్ళు పడిపోయిన ఘోరము వలన చెడ్డపేరు వచ్చినమాట వాస్తవమే. అది సూదితో ఏదో కలుషితము లోనికి పోయినందున జరిగినదని భావింపబడుచున్నది. నేటి సూదివలన కొందరికి కొన్నిదినములు తలనొప్పి రావచ్చును; సూది గ్రుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండవచ్చును; ఏండ్లతరబడి నడుమునొప్పి వచ్చునని పరిశోధనలు నిరూపింపలేదు. ఆ నొప్పికి కారణము మోసిన గర్భము, ఎత్తిన బిడ్డ, కాన్పైన నెల తిరుగకయే మీదపడిన ఇంటిపని.

చివరగా ఒప్పుదలపత్రమును గూర్చి. ఆపరేషనుకు ముందు రోగిచేత సంతకము చేయించుకొను ఆ కాగితము చాలచోట్ల ఇంగ్లీషులో ఉండును. స్ట్రెచరు గదిలోనికి పోవుచుండగా ఎవరో తెచ్చి వ్రేలు చూపినచోట వ్రేలిముద్ర వేయుమందురు. బెల్లపు యార్డులో తూనికచీటీని చదివి గాని సంతకము పెట్టని రైతు, తన వెన్నునకు సంబంధించిన కాగితమున చదువకయే వ్రేలిముద్ర వేయుచున్నాడు. ఇది నాకు సహింపరానిదిగా తోచుచున్నది. ఆ పత్రము తెలుగులో ఉండవలెను. ఆపరేషనుకు ఒకదినము ముందుగా, ఇంటివారి సమక్షమున, బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఏ పూసవద్ద చేయుచున్నారు, అచ్చట వెన్నుపాము ఉన్నదా లేదా, కాలినొప్పికి చేయుచున్నారా నడుమునొప్పికా, నూరుమందిలో ఎందరికి ఏ కష్టము కలుగును, చేయించుకొనకున్నచో ఏమగును, ఎంతకాలము వేచియుండవచ్చును అను సంగతులన్నియు అందులో ఉండవలెను.

ఈ ధర్మనిధి తొలి వ్యయము అట్టి పత్రమును అచ్చువేయించుటకే కావలెనని కుటుంబమువారు సంకల్పించినారు. నేను వ్రాసిన చిత్తుప్రతులు వెలుపల బల్లమీద ఉన్నవి. పోవునప్పుడు ఒక్కొక్కటి తీసికొని, ఇంటిలో చదువురాని పెద్దవారెవరైన ఉన్నచో వారికి చదివి వినిపించి, వారికి బోధపడని మాటల క్రింద గీతలు గీసి తిరిగి పంపవలసినదిగా మిమ్ములను ప్రార్థించుచున్నాను.